పరుపులాయన శ్రుతి

సోమవారం ఉదయం నగరంలోని ప్రతి పౌరుడికీ, అతని సొంత అభిరుచిని మాత్రమే పరిగణనలోకి తీసుకుని, సంగీతం యాప్ ఒకే పాట వినిపించింది. పాట పైన 'ప్రత్యేకంగా మీ కోసమే' అని రాసి ఉంది. ఇన్ని లక్షల అభిరుచులు ఒక్కసారిగా కలిసిపోవడం అపూర్వమని పత్రికలు హర్షం వెలిబుచ్చాయి.

పాడినవారు పరుపుల ఫ్యాక్టరీ యజమాని. యాప్ కంపెనీకి ఆయన సొమ్ము చెల్లించిన మాట వాస్తవమే. దానివల్ల సిఫార్సులు మారవనీ, పాట కాస్త ముందుకు జరుగుతుందంతేననీ కంపెనీ వివరణ ఇచ్చింది. అభినందన సభలో ఆయన అదే మాట మరింత వినయంగా సెలవిచ్చారు: "ప్రజలు నన్ను ఎప్పటినుంచో కోరుకుంటున్నారు. ఆ సంగతి వాళ్లకు తెలియజేయడానికే నేను ఖర్చుపెట్టాను."

పాటలో వాయిద్యాలు ఒక దారిన పోతుంటే ఆయన గొంతు పావు స్వరం కిందుగా నడిచింది. హార్మోనియంలు శ్రుతి చేసే మేస్త్రీకి ఇది మొదటి పంక్తిలోనే దొరికిపోయింది. దొరకదూ మరి! ముప్ఫై ఏళ్లుగా అతనికి అన్నం పెడుతున్నది ఆ చెవే. పెట్టె లోపల మోగే ఇత్తడి రీడు కొస గీకి స్వరం పెంచుతాడు, మొదలు గీకి తగ్గిస్తాడు. శ్రుతి తప్పిన పెట్టెను గడప దాటనివ్వడు. అతని భార్య బడిలో పాటల టీచరు. ఆ చెవిని చూసే పెళ్లికి ఒప్పుకున్నానని ఇప్పటికీ అంటుంది.

మంగళవారం ఒక లాయరు హార్మోనియం మోసుకొచ్చాడు.

"మేస్త్రీ, ఇది పాడైంది. ఆ పాటతో కలవడం లేదు."

"పెట్టె శుభ్రంగా ఉందండీ. పాటే కిందుంది."

"అంటే ఊరంతా తప్పు, మీరొక్కరే ఒప్పా?"

బుధవారానికి దుకాణం ముందు జనం వరసకట్టారు. పెట్టెలను ఆ పాటకు దించడానికి మేస్త్రీ ససేమిరా అన్నాడు. గురువారానికి వరస ఎదురుగా ఉన్న వడ్రంగి కొట్టుకు మారింది. అతను రీడ్లను చేతికొచ్చినట్టు గీకేస్తుంటే మేస్త్రీ ప్రాణం విలవిల్లాడింది.

"వాడు అడ్డదిడ్డంగా పాడుచేసేకంటే నేనే జాగ్రత్తగా పాడుచేస్తాను," అన్నాడు భార్యతో.

"ఏవండీ, మీ నోటితో అనాల్సిన మాటేనా అది?" అంది ఆవిడ.

ఆ నెలలో మేస్త్రీ నగరంలోని హార్మోనియంలన్నిటినీ పావు స్వరం దించాడు. పనిలో వంక పెట్టడానికి లేదు. పై నెల పరుపులాయన గడువు తీరి, సిమెంటు వ్యాపారి బావమరిది అందరి అభిరుచి అయ్యాడు. ఆయన శ్రుతి ఇంకాస్త కిందుంది. పెట్టెలన్నీ తిరిగొచ్చాయి. ఆ తర్వాత టైల్స్ షోరూం వారి కోడలు. ప్రజల అభిరుచి నెలనెలా ఇంత ఎత్తుకు ఎదుగుతున్నందుకు సాంస్కృతిక శాఖ కంపెనీకి ప్రశంసాపత్రం, మేస్త్రీకి పతకం బహూకరించింది. మేస్త్రీకి ఊపిరి సలపనంత పని, దానికి తగ్గ హుషారు. పని చేసుకుంటూ ఆ పాటలే కూనిరాగం తీసేవాడు.

చూసి చూసి ఒక ఆదివారం భార్య అతని ఎదుట కూర్చుని నిండు గొంతుతో 'స' పట్టింది. మేస్త్రీ మొహం చిట్లించాడు.

"పైకి పోతోందే. జలుబు చేసిందా?"

ఆవిడ లేచి బీరువాలోంచి శ్రుతి కడ్డీ తీసింది. ఏ కాలంలో కొట్టినా ఒకే స్వరం పలికే ఉక్కు ముక్క అది. బల్లకు కొట్టి అతని చెవి దగ్గర పట్టుకుంది.

మేస్త్రీ కళ్లు మూసుకుని, మోత ఆగేదాకా శ్రద్ధగా విన్నాడు.

"అయ్యో పాపం, ఇదీ పాడైంది," అన్నాడు జాలిగా. "ఇలా ఇయ్యి, కాస్త గీకుతాను."