రాజుగారి పెట్టె ముందు ప్రార్థన

"రాజుగారి ఉత్తరాలన్నీ అచ్చు వేస్తాం. ఒక్క ముక్క కలపం, ఒక్క ముక్క తీయం. మా మాట నమ్మనివాళ్ళ కోసం అసలు ఉత్తరాలు పెద్ద హాల్లో పరుస్తాం. ఎవరైనా వచ్చి చేతిరాత పోల్చి చూసుకోవచ్చు!" అని ఉత్తరాల కమిటీ ఛైర్మన్ సర్ హెజెకయా బ్రోమ్ గారు ప్రకటించగానే లండన్ లండనంతా పులకరించిపోయింది.

మొన్న జూన్‌లో పార్లమెంటుతో జరిగిన యుద్ధంలో రాజు ఓడి పారిపోతూ సొంత ఉత్తరాల పెట్టెను బండిలోనే వదిలేశాడు. పార్లమెంటు సైన్యం దాన్ని పట్టుకొచ్చి మా కమిటీకి అప్పగించింది. నేను ఆ కమిటీకి గుమస్తాను. కనుక నిజాయితీ అనేది ఎలా పనిచేస్తుందో అతి దగ్గరగా చూసే భాగ్యం నాకు దక్కింది.

మొదటి మీటింగులో కర్నల్ స్వేన్ గారు "తెరవండి పెట్టె!" అన్నారు.

"ప్రార్థన లేకుండానా బ్రదర్?" అన్నారు ఛైర్మన్ గారు నొచ్చుకుంటూ.

మావాళ్ళు కోటను ముట్టడించే ముందు ప్రార్థన చేస్తారు, పన్ను వేసే ముందు చేస్తారు, గడ్డం గీసుకునే ముందూ చేస్తారు. అదీ ఒంటరిగా, తలుపు గడియ పెట్టుకుని. ఆ సమయంలో తలుపు తట్టడం మహాపాపం. కాబట్టి ఛైర్మన్ గారు పెట్టెతో సహా పక్కగదిలోకి వెళ్ళి గడియ వేసుకున్నారు. బయటికి వచ్చేసరికి ఆయన ముఖం కళకళలాడుతోంది. మండు వేసవిలో ఆ గది పొగగొట్టంలోంచి పొగ వస్తోంది.

"లోపల నిప్పు రాజేశారా అండీ?" అన్నాను.

"ఆత్మకు చలి వేసిందయ్యా."

"ప్రభువు ఏమన్నాడు?" అని అడిగారు కర్నల్ గారు, కాస్త ఆదుర్దాగా.

"కొన్ని కాగితాలు ప్రజల మనసును కలవరపెడతాయన్నాడు."

దాంతో కర్నల్ గారికి కూడా వెంటనే భక్తి పుట్టుకొచ్చింది. ఆయన బయటికి రాకముందే ఇంకో సభ్యుడు ఒబడయా లింగ్ గారు తలుపు దగ్గర నిలబడ్డారు. లింగ్ గారు ఒకసారి చేసి వచ్చి, మళ్ళీ లోపలికి వెళ్ళారు. "మా బావమరిది ఊళ్ళో లేడు. వాడి తరఫున కూడా చేసేస్తే ఓ పనైపోతుంది" అన్నారు. ఇలా కమిటీ మొత్తం ప్రార్థించింది. వచ్చినప్పుడు ఇద్దరు సైనికులు రొప్పుతూ మోసిన పెట్టెను ఆఖర్న నేను చంకన పెట్టుకుని తెచ్చి బల్ల మీద పెట్టాను. అంత భక్తిని నా జన్మలో చూడలేదు.

ఇక మిగిలినవి రాజు భార్యకు రాసి, తన చేత్తోనే నకలు తీసి దాచుకున్న ఉత్తరాలు.

"'నిన్ను అడక్కుండా ఏ పనీ చేయను' అని రాశాడండీ!" అన్నారు లింగ్ గారు.

"పెళ్ళాన్ని అడిగి దేశాన్ని ఏలుతున్నాడా! ఆ ముక్క మళ్ళీ చదవండి. పెద్ద అక్షరాల్లో వేయించండి" అన్నారు ఛైర్మన్ గారు.

వాటి అడుగున ఇంకొక్క కాగితం కనిపించింది. నది అవతలి ఒడ్డున బీరు అమ్ముకునే మార్జరీ టాగ్ అనే విధవరాలు ఎవరిచేతో రాయించినది. "మహారాజా, మీ సైనికులు నా గుర్రాన్ని తోలుకుపోయారు. అది లేక పీపాలు నేనే లాగుతున్నాను. దయచేసి పంపించండి." ఆ కాగితం కోసం ఎవరూ ప్రార్థించలేదు మరి.

"లండన్‌లో తింటూ శత్రువుకు ఉత్తరమా?" కర్నల్ గారు బల్ల గుద్దారు. "ఉరి!"

"మన మధ్యనే ద్రోహి!" అంటూ లింగ్ గారు కళ్ళు తుడుచుకున్నారు.

మర్నాడే మార్జరీని జైలు నుంచి తెచ్చి నిలబెట్టారు. పీపాలు లాగి లాగి ఆమె చేతులు కాయలు కాసి ఉన్నాయి.

"దొరా, మిగతావాళ్ళు ఏరీ?" అంది అటూ ఇటూ చూస్తూ.

"మిగతావాళ్ళెవరు? నీ ఉత్తరం ఒక్కటే దొరికింది."

"నాదొక్కటేనా!" అంది ఆమె నమ్మలేనట్టు.

ఛైర్మన్ గారు ముందుకు వంగారు. "శత్రువు దాకా ఉత్తరాన్ని చేరవేసిన ఆ దొంగ ఎవడో చెప్పు. నీతోపాటు వాణ్ణీ ఉరి తీస్తాం."

"దొంగెవడూ కాదు దొరా. మీ రాల్ఫే గదా."

"ఏ రాల్ఫ్?"

"మీ ఇంటో పన్జేసే రాల్ఫ్. వారం వారం రాజుగారికి తమరి ఉత్తరాలు పట్టుకెళతా మా కొట్టుకాడ ఆగి ఓ ముంత తాగి పోతాడు. కర్నల్ దొరవీ, లింగు దొరవీ అన్నీ ఒకే సంచిలోనే. ఎటూ పోతన్నావు గదరా, నాదీ అందులో పడేయరా అన్నా."

నేను కలం ఎత్తి పట్టుకుని కూర్చున్నాను. "ఇది మినిట్స్‌లో రాయమంటారా అండీ?"

ఛైర్మన్ గారు లేచి, స్వయంగా ఒక కుర్చీ లాగి ఆమెను కూర్చోబెట్టారు.

"అమ్మా, నువ్వింకా ప్రార్థన చేసుకున్నట్టు లేవు."

"పొద్దున్నే జైల్లో చేసుకున్నా దొరా."

"అది కాదమ్మా. పెట్టె దగ్గర."

కర్నల్ గారు పరుగున వెళ్ళి తానే నిప్పు రాజేశారు. మార్జరీ తన కాగితం పట్టుకుని పక్కగదిలోకి వెళ్ళి, చిటికెలో ప్రార్థన ముగించుకుని వచ్చి, అటునుంచి అటే ఇంటికి వెళ్ళిపోయింది. ఆమె మీద నేరమేదీ లేదని కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది.

పుస్తకం అచ్చయింది. ఒక్క ముక్క తీయలేదని ముందుమాటలోనే ఉంది. అన్నమాట ప్రకారం అసలు ఉత్తరాలను పెద్ద హాల్లో పరిచారు. జనం విరగబడి వచ్చారు. మార్జరీ కూడా వచ్చింది. ఒక నేతగాడు ఆ చివరి నుంచి ఈ చివరి దాకా అన్నీ చూసి, ఛైర్మన్ గారి దగ్గరికి వచ్చాడు.

"అన్నీ పెళ్ళానికి రాసినవేనేంటండీ? ఇన్నేళ్ళ యుద్ధంలో లండన్ నుంచి ఈయనకి ఒక్కడూ ఉత్తరం ముక్క రాయలేదా?"

ఛైర్మన్ గారు టోపీ తీసి గుండెకు ఆనించుకున్నారు.

"లేదు నాయనా. ఇంత మహానగరంలో ఆయనకు ఉత్తరం రాసే దిక్కే లేకుండా పోయింది. మనల్నందర్నీ ఇంత నమ్మకస్థులుగా కాపాడిన ప్రభువుకు స్తోత్రం!"

"ఆమెన్!" అంది కమిటీ. అందరికంటే గట్టిగా వినిపించింది మార్జరీ టాగ్ గొంతు.