వందో సంతకం

మెట్టుగూడ దగ్గరి ఆ కాలనీవారికి పేదలంటే ఎంత ప్రేమో 2007లో వారి సంక్షేమ సంఘం చేసిన తీర్మానమే చెబుతుంది: "పేదలకు ఇళ్లు రావాలని ఈ సంఘం మనసారా కోరుతోంది. అవి మా పక్కన రాకూడదని అంతకంటే మనసారా కోరుతోంది."

అంతకు ముప్పై ఏళ్ల కిందట ఆ కాలనీ కూడా సర్కారు చిన్న జీతగాళ్ల కోసం చవగ్గా కట్టించిందే. రేకుల కప్పులు మూడంతస్తులై, గ్రానైట్ పరుచుకున్నాక ఆ సంగతి ఎవరికీ జ్ఞాపకం లేదు. అందులో వింతేమీ లేదు. గ్రానైట్ చాలా బరువైన రాయి.

ఆ ఏడాదే పక్క ఖాళీ స్థలంలో పేదలకు ఫ్లాట్లు కడతామని ప్రకటన వచ్చింది. వంద మంది వద్దంటే పునరాలోచిస్తామని అధికారులు మర్యాదగా కబురు చేశారు. సంతకాలు సేకరించే పని, నాలుగిళ్లలో అంట్లు తోమే హనీఫాకు అప్పగించారు. ఎలాగూ ఇంటింటికీ తిరిగేది ఆమే కదా.

ఆ ఫ్లాట్ల మొదటి జాబితాలో హనీఫా పేరుంది. వాన పడితే మంచం జరుపుకోవాల్సిన లాలాగూడ అద్దె గది నుంచి బయటపడే దారి ఆమెకు అదొక్కటే. కాలనీ అంతటికీ తెలుసు. జాబితా వచ్చినరోజు ఆమె పంచిన లడ్డూలు అందరూ తిన్నారు.

"దేనికే సంతకం?" అంది మొదటి ఇంటి వీరరాఘవమ్మ.

"పక్కన మాసొంటోళ్లకు ఇండ్లు రావద్దని, అమ్మా."

"అయ్యో పాపం. పెన్నేదీ?"

పక్కింటి మేబెల్ టీచర్ సంతకం పెట్టి, హనీఫాకు త్వరగా సొంతిల్లు రావాలని ప్రార్థన చేస్తానంది.

సాయంత్రానికి తొంభై తొమ్మిదయ్యాయి. సంఘాధ్యక్షుడు రామ్మోహనరావు రెండుసార్లు లెక్కపెట్టాడు. "నువ్వూ ఒకటి పెట్టెయ్, హనీఫా."

"నేనీడ ఉండేదాన్ని కాద్గద, సార్."

"అదేం మాట? పద్దెనిమిదేళ్లుగా పొద్దున ఆరింటికల్లా ఇక్కడే ఉంటున్నావ్. నీకంటే కాలనీ మనిషి ఎవరు?"

ఆమెను కాలనీ మనిషి అనడం అదే మొదటిసారి. హనీఫా పెన్ను పట్టుకుని నిలబడింది. పెడితే ఇల్లు పోతుంది. పెట్టకపోతే రేపు నాలుగిళ్ల పనీ పోతుంది. పేరు రాసి, పక్క గడి దగ్గర ఆగింది.

"ఇంటి నంబర్ ఏం రాయాలె, సార్?"

రామ్మోహనరావు గడియారం చూసుకున్నాడు. "ఖాళీగా వదిలెయ్. అక్కడెవరు చూస్తారు?"

చూశారు. ఇల్లే లేని మనిషి సైతం పేదల ఇళ్లు వద్దంటోందంటే ప్రజాభిప్రాయం స్పష్టమేనని ఫైలు మీద రాసి, పథకం రద్దు చేశారు. పేదలకే ఇళ్లు అక్కర్లేదట అని వార్త కూడా వచ్చింది. మీరూ చదివే ఉంటారు. చదివి, నేనెప్పుడో చెప్పాను కదా అనే ఉంటారు.