గజేందర్ క్యారవాన్‌కి హీటర్ పెట్టించాడు

ఆ రోజు గజేందర్ ప్లాన్ చాలా చిన్నది. పొద్దున్నే లేవాలి, క్యారవాన్‌లో హీటర్ వేయాలి, లోపల బాగా వెచ్చబడ్డాక ఎల్బీనగర్‌లో బయల్దేరి అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర షూటింగ్‌కి చేరాలి. అంతే. ఇందులో చెడిపోవడానికేముంది అని మీరూ నేనూ అనుకుంటాం. పాపం, అతనూ అలాగే అనుకున్నాడు.

క్యారవాన్ అంటే సినిమావాళ్లు షాట్‌కీ షాట్‌కీ మధ్య నడుం వాల్చే బండి. మంచం, అద్దం, బాత్రూమ్, అన్నీ ఉంటాయి. హైదరాబాద్‌లో వీటికి ఏసీ కావాలంటారు గానీ హీటర్ ఎవరడుగుతారు? అడిగారు. అమ్మ వేషాలు వేసే ఉదయలక్ష్మి గారికి మోకాళ్ల నొప్పులు, చలి అస్సలు పడదు.

"లోపల ఎచ్చగుంటేనే మేడమ్ కాలు పెడ్తది. ఇయ్యాల ఆమెకు నచ్చితే చలికాలమంత నీ బండే. నచ్చకపోతే ఇగ నన్నడగకు" అని ప్రొడక్షన్ మేనేజర్ యోగేందర్ తేల్చి చెప్పాడు. బండి ఎన్నాళ్లుగానో బేరం లేక ఇంటిముందే నిలబడి ఉంది. ఇది కూడా పోతే దాన్ని అమ్ముకోవడమే.

అందుకే గజేందర్ ఆ చలిలో హీటర్ వేసి, దానికో నమస్కారం పెట్టి స్నానానికి వెళ్లాడు. అప్పుడే ఇంటి ఓనరు కోటేశ్వరమ్మ పెద్ద స్టీలు గిన్నె చంకనెత్తుకుని మేడ మీద నుంచి దిగింది.

"చూడు యాదలక్ష్మీ, రాత్రనగా రుబ్బిన పిండి. ఎక్కడిదక్కడే ఉంది! ఈ చలికి పొంగి చస్తేగా? దిల్‌సుఖ్‌నగర్ నుంచి వియ్యంకులు టిఫిన్‌కి వస్తున్నారు. ఇడ్లీ గట్టిగా వచ్చిందో, మా వియ్యపురాలు ఊరంతా టముకేస్తుంది. మీ బండిలో వెచ్చగా ఉంటుందటగా?"

ఓనరమ్మ అడిగితే కాదనే కిరాయిదారు ఈ ఊళ్లో ఇంకా పుట్టలేదు. "సరే అమ్మా, మా ఆయన తానం చేసొచ్చేలోపల తీసేస్త" అంది గజేందర్ భార్య యాదలక్ష్మి. మంచం కింద అరలో వేడిగాలి వచ్చే జాలీ ఉంది. గిన్నె సరిగ్గా దాని ముందు పెట్టి, అర తలుపు కూడా మూసింది.

ఆ క్షణంలోనే నల్లా వచ్చింది. రోజు విడిచి రోజు వచ్చే నీళ్లు. అవి వచ్చాయంటే ఆ కాలనీలో ఎవరికీ మొగుడు గుర్తుండడు, పొయ్యి మీద పాలు గుర్తుండవు, ఇక ఓనరమ్మ పిండి ఏం గుర్తుంటుంది! యాదలక్ష్మి డ్రమ్ములు నింపుతుండగానే గజేందర్ బండి తీసుకుని వెళ్లిపోయాడు.

హయత్‌నగర్ దాటాక ముక్కుకి పుల్లటి వాసన తగిలింది. హీటరే చెడిందనుకున్నాడు. బండి పక్కకి ఆపి హీటర్ బిగించిన మెకానిక్‌కి ఫోన్ చేశాడు.

"కొత్త పైపు గద అన్నా, గట్లనే వాసనొస్తది. ఫుల్ పెట్టు, అదే పోతది" అన్నాడతను. గజేందర్ ఫుల్ పెట్టాడు. మధ్యలో యాదలక్ష్మి ఫోన్ మీద ఫోన్ చేసింది. కూరగాయల గురించే అయ్యుంటుందని ఎత్తలేదు.

షూటింగ్ దగ్గర యోగేందర్ తలుపు తీశాడు. వేడి, వాసన రెండూ కలిసి మొహాన కొట్టాయి.

"ఏందన్నా, పొద్దుగాల్నే కల్లు తాగినవా?"

"నీకు దండం పెడ్త. చాయ్ తప్ప ఏం తాగలే!"

"మరి కుండ యాడ దాచినవ్?"

కల్లు అన్న మాట గాలికే పాకుతుందేమో, ఇద్దరు లైట్‌మెన్ స్టీలు గ్లాసులతో వచ్చి మర్యాదగా నిలబడ్డారు. వాళ్లని తరిమి, గజేందర్ మల్లెపూల స్ప్రే బుడ్డి మొత్తం కొట్టాడు. ఇప్పుడు మల్లెతోటలో కల్లు దుకాణం పెట్టినట్టుంది. అంతలో మేడమ్ వచ్చేశారు.

"అబ్బ, ఎంత హాయిగా ఉందయ్యా!" అంటూ ఆవిడ మంచం మీద కూర్చున్నారు. గజేందర్‌కి ప్రాణం లేచొచ్చింది. అది లేచి నిలబడేలోపే మంచం కింద గిన్నె మూత ఠంగుమని పడింది. అర తలుపు దానంతటదే తెరుచుకుంది. తెల్లగా, చిక్కగా ఏదో బుడగలు వేస్తూ మేడమ్ చెప్పుల వైపు బయల్దేరింది.

"ఏంటయ్యా ఇది!" ఆవిడ కాళ్లు రెండూ మంచం మీదికి లాక్కున్నారు.

"హీటర్ కరుగుతున్నట్టుంది మేడమ్!" అన్నాడు గజేందర్, ఏడుపు ఒక్కటే తక్కువ.

ఫోన్ మళ్లీ మోగింది. "ఎత్తు. స్పీకర్ పెట్టు" అన్నారు మేడమ్.

"ఏవయ్యా గజేందర్!" కోటేశ్వరమ్మ గొంతు బండంతా మోగింది. "నా ఇడ్లీ పిండి ఎత్తుకుపోయావేం? వియ్యంకులకి ఉప్మా పెట్టాల్సొచ్చింది. ఆవిడ మొహం చూడాలి నువ్వు! సరే, పోయిందేదో పోయింది. పొంగిందా లేదా, అది చెప్పు ముందు!"

యోగేందర్ తల పట్టుకున్నాడు. గజేందర్ మనసులో బండి అప్పటికే అమ్మేశాడు. మేడమ్ మాత్రం మెల్లగా వంగి, వేలితో కాస్త పిండి తీసి, నలిపి, వాసన చూశారు.

"ఎప్పుడు పెట్టారమ్మా దీన్ని?"

"పొద్దున్నే. మీరెవరండీ?"

"పొద్దున పెడితే ఇప్పటికి ఇంత పొంగిందా!" మేడమ్ కళ్లలో నీళ్లు తిరిగాయి. గ్లిజరిన్ లేకుండానే. "చలి మొదలైన దగ్గర్నుంచి మా ఇంట్లో మెత్తటి ఇడ్లీ లేదమ్మా. దుప్పట్లు కప్పాను, పొయ్యి పక్కన పెట్టాను, చివరికి తిట్టాను కూడా. కదల్లేదు."

ఆ తర్వాత ఆడవాళ్లిద్దరూ మినప్పప్పు పాళ్ల గురించి మాట్లాడుకున్నారు. షాట్ రెడీ అని వచ్చిన అసిస్టెంట్ డైరెక్టర్ బయటే నిలబడ్డాడు. ఫోన్ పెట్టేశాక మేడమ్ అన్నారు: "యోగేందర్, ఈ చలికాలమంతా నాకు ఈ బండే కావాలి."

గజేందర్ గబగబా కింద కూర్చున్నాడు. మేడమ్ చెప్పుకి అంటిన పిండిని తన కర్చీఫ్‌తో తుడిచి, ఆ కర్చీఫ్ అలాగే జేబులో పెట్టుకున్నాడు.

మర్నాడు అతను బండిని ఇంకా వెచ్చగా చేసి తెచ్చాడు. మేడమ్ కారులోంచి ముందు ఒక గిన్నె దిగింది. తర్వాత మేకప్ ఆవిడ గిన్నె, డైరెక్టర్ గారింటి గిన్నె, చివరికి కెమెరామన్ గారి అత్తగారి బకెట్. అన్నీ లోపల సర్దించి మేడమ్ స్వయంగా తాళం వేశారు.

చలి చలిగా గాలి వీస్తోంది. శాలువా, మంకీ క్యాప్, మోకాళ్లకి పట్టీలు వేసుకుని ఆవిడ బయట ప్లాస్టిక్ కుర్చీలో వణుకుతూ కూర్చున్నారు. తలుపు తీస్తే పిండికి చలి తగులుతుందట.