ఎమర్జింగ్ మనిషి

ఆ రోజు పొద్దున పరుపుల కంపెనీ గోడౌను సూపర్‌వైజరు పెట్టుకున్న పని చిన్నదే. వంటింట్లో కారుతున్న కుళాయికి వాషరు మార్చి, స్నానం చేసి ఆఫీసుకు వెళ్ళాలి. కుళాయి విప్పీ విప్పకముందే మేనేజరు ఫోన్ చేశాడు.

"ఈసారి ఎమర్జింగ్ వాళ్ళలో మీరున్నారండీ. రాగానే నా గదికి రండి" అని పెట్టేశాడు.

సూపర్‌వైజరుకు ఆ మాట అర్థం కాలేదు. అర్థం కాలేదని ఒప్పుకోవడం ఆయనకు అసలే చేతకాదు. ఆగిపోయిన ఫోనుకే "అలాగే సార్" అన్నాడు.

"ఎమర్జెన్సీకి చెల్లెలేమోనండీ" అంది భార్య, కుళాయి కింద గిన్నె పెడుతూ.

సోఫాలో ఉన్న బావమరిది నవ్వాడు. ఇంగ్లీషు మాట చెవిన పడితే అర్థం చెప్పందే అతనికి అన్నం సహించదు. "ఎమర్జ్ అంటే బయటికి రావడం బావగారూ. గుడ్డులోంచి పిల్ల, నీళ్ళలోంచి మొసలి. ఎమర్జింగ్ వాళ్ళంటే బయటికి పోయేవాళ్ళన్నమాట."

"ఎక్కణ్ణుంచి?"

"ఫోన్ చేసింది మేనేజరేగా. ఇంకెక్కణ్ణుంచి?"

సూపర్‌వైజరు గుండెల్లో రాయి పడింది. ఆ ఉద్యోగం తప్ప ఆయనకు వేరే బతుకు తెలియదు. వాషరు గుప్పిట్లో పెట్టుకునే బస్సెక్కాడు.

బస్సులో క్యాషియరు కనబడితే ఆపుకోలేక ఉద్యోగం పోతోందని చెప్పేశాడు. క్యాషియరు లిఫ్టులో టైపిస్టుకు చెప్పాడు. ఈయన మెట్లెక్కి పైకి వచ్చేసరికి సంగతికి చిలవలు పలవలు పుట్టి, గోడౌనులో పరుపులు మాయం చేశాడనే దాకా పోయింది. ఒకరు భుజం తట్టారు. ఇంకొకరు "మీకిక అక్కర్లేదు కదండీ" అంటూ కుర్చీ లాక్కుపోయారు. ఇంతలో బావమరిది ఫోను.

"వాళ్ళు తీసేస్తే మచ్చ, మీరే వదిలేస్తే పరువు. ముందు రాజీనామా పడేయండి బావగారూ. అమ్మ కూడా అదే అంటోంది."

"అత్తయ్యగారి దాకా వెళ్ళిందా?"

"ఏడుస్తోంది కూడాను."

ఆ మాటతో ఆయనకు పౌరుషం పొడుచుకొచ్చింది. కుర్చీ లేదు గనక నిలబడే రాజీనామా రాశాడు. ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నది చాలనిపించి, మన పరుపులు ఆర్నెల్లకే గుంటలు పడుతున్నాయని చివర్లో ఒక వాక్యం తగిలించాడు.

మేనేజరు ఎవరితోనో ఫోనులో మాట్లాడుతూనే కాగితం అందుకున్నాడు. "ఒప్పుకుంటూ అప్పుడే రాసిచ్చేశారా? చురుకైన మనిషండీ మీరు" అని చదవకుండానే కింద 'ఆమోదించాను' అని గీకి, పక్క గదిలో ఉన్న యజమానికి పంపించేశాడు.

"ఒప్పుకోవడమేంటి సార్?" అన్నాడు సూపర్‌వైజరు.

"కొత్త బ్రాంచి మీదేగా. మీలాగా పైకొస్తున్న వాళ్ళనే ఎమర్జింగ్ అంటున్నాం. మీ కోసం పెద్దాయనతో ఎంత వాదించానో తెలుసా?"

సూపర్‌వైజరు కాగితం వెళ్ళిన గది వైపు చూశాడు. సంతోషమూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. "సార్, ఆ కాగితం ఒక్కసారి ఇలా..." అనేలోగా పక్క గదిలోంచి యజమాని గొంతు వినబడింది.

"గుంటలా?"

చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం. ఎంత బతిమాలినా సంతకం సంతకమే అన్నారు. మధ్యాహ్నానికే ఇంటికొచ్చిన ఆయనకు బావమరిది తలుపు తీశాడు.

"ఏమన్నారు బావగారూ?"

"బయటికి పంపించారు."

"చూశారా, అర్థం నేను సరిగ్గానే చెప్పాను" అన్నాడు బావమరిది.