నామవాచకానికి చప్పట్లు

ఇందుమూలంగా యావన్మంది తల్లిదండ్రులకూ తెలియజేయడమేమనగా, మా ఊరి బడిలో రెండో తరగతి పిల్లలు ఇకమీదట చేతులు కట్టుకునే నామవాచకాలను గుర్తించవలెను. చప్పట్లు కొట్టరాదు. ఈ ఉత్తర్వు పిల్లల అరచేతుల ఆరోగ్యం దృష్ట్యా వెలువడినదే తప్ప, పురపాలక అధ్యక్షులవారికి జరిగిన పరాభవానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు.

పరాభవం ఎలా జరిగిందంటే, తప్పంతా పంతులమ్మదే. ఆవిడది ఇంకా ఖాయం కాని ఉద్యోగం. అలాంటి ఉద్యోగంలో ఉన్నవాళ్లు పాఠం చెప్పినట్టు కనిపిస్తే చాలు. ఈవిడ నిజంగానే చెప్పింది. నామవాచకం కింద గీత గీయమంటే పిల్లలు వాక్యమంతా గీసేసి, మిగిలిన సిరా పక్కవాడి చొక్కాకు పూస్తున్నారని కొత్త పద్ధతి పెట్టింది. తను వాక్యం చదువుతుంది. మనిషి పేరో, వస్తువు పేరో, చోటు పేరో వినబడగానే పిల్లలు ఒక చప్పట కొట్టాలి. "పిల్లి పాలు తాగింది" అంటే పిల్లికొకటి, పాలకొకటి. తాగినందుకు ఏమీ లేదు.

పద్ధతి ఇళ్లకూ పాకింది. "మీ నాన్న సోఫా మీద పడుకుని టీవీ చూస్తున్నాడు" అని మా ఆవిడ విసుక్కుంటే మా అమ్మాయి మూడు చప్పట్లు కొట్టింది. పెళ్లయ్యాక మా ఆవిడ మాటకు చప్పట్లు పడటం అదే మొదలు. ఆ ఉత్సాహంలో ఇంకో గంట నన్ను తిట్టింది.

అంతలో బడి వార్షికోత్సవం వచ్చింది. అధ్యక్షులవారు వేదికెక్కి, "ఈ ఊరికి వంతెన కట్టిస్తాను. ఆసుపత్రి తెరిపిస్తాను" అన్నారు. ముందు వరుసలో పిల్లలు ఊరికీ, వంతెనకూ, ఆసుపత్రికీ ఠపీమని కొట్టారు. ఆయన కళ్లు చెమర్చాయి. ఇంతటి రాజకీయ చైతన్యం నూరిపోసిన పంతులమ్మ ఉద్యోగం వచ్చే సభలోనే ఖాయం చేస్తానని మాటిచ్చారు.

ఆయన సామాన్యుడు కాదు. వంతెన అనగానే చప్పట్లు పడుతున్నాయి, కట్టిస్తాను అనగానే ఆగిపోతున్నాయి. ప్రజలకు వంతెన అంటే ప్రాణమేగాని కట్టడమంటే గిట్టదని ఆయన ఇట్టే గ్రహించారు. ప్రజాభిప్రాయాన్ని శిరసావహించి కట్టడం మానేశారు. వాగు ఒడ్డున 'వంతెన' అని నిలువెత్తు బోర్డు మాత్రం పాతించారు. మేమందరం దాన్ని మెచ్చుకుంటూ, దాని పక్కనుంచే ప్యాంట్లు మడిచి వాగు దాటుతున్నాం. ఆసుపత్రి బోర్డు ఇంకా బాగుంటుంది. దానికి లైట్లు కూడా ఉన్నాయి.

రెండో సభ నాటికి ఆయన ఉపన్యాసం పేర్లతోనే నిండింది. ఆ సభకు ముందురోజు హెడ్మాస్టరు గారికి ఒక భయంకరమైన సంగతి తెలిసింది. రెండో తరగతిలో నామవాచకాలు అయిపోయాయి. క్రియలు మొదలయ్యాయి. ఇప్పుడు పిల్లలు పని జరిగితేనే చప్పట్లు కొడతారు.

"అమ్మా, నీకు దణ్ణం పెడతాను. రేపొక్కరోజు పాత పాఠం చెప్పు. నీ ఉద్యోగం ఆర్డరు అధ్యక్షులవారి జేబులో ఉంది" అన్నారాయన.

"నాకూ ఆ ఉద్యోగం కావాలండీ. ఇంట్లో నా జీతమే ఆధారం. కానీ ఇప్పుడిప్పుడే పిల్లలకు క్రియ పట్టుబడుతోంది. తప్పని తెలిసీ మళ్లీ తప్పు నేర్పమంటే ఎలాగండీ?" అందావిడ. చూశారా, ఎంత పొగరో!

మర్నాడు అధ్యక్షులవారు గొంతు సవరించుకుని, "వంతెన!" అన్నారు. పిల్లలు చేతులు రెండూ ఎత్తి, విడదీసి ఉంచి, ఎదురుచూశారు. "ఆసుపత్రి! మంచినీళ్లు! పార్కు!" చేతులు అలాగే ఉన్నాయి. ఆయన మైకు దగ్గరికి లాక్కున్నారు. "వంతెన!" అని మళ్లీ అరిచారు. మా అమ్మాయి ఇక చేతులు లాగేస్తుంటే, లేచి నిలబడి అడిగింది:

"వంతెన ఏమైంది తాతగారూ?"

అధ్యక్షులవారు కండువా సర్దుకుని, "ముగిస్తున్నాను" అన్నారు. పిల్లలు మైదానం దద్దరిల్లేలా చప్పట్లు కొట్టారు.

ఆర్డరు జేబులోంచి బయటికి రాలేదు. పంతులమ్మను పని నుంచి తీసెయ్యాలా వద్దా తేల్చడానికి తల్లిదండ్రుల సభ పెట్టారు. వద్దనే చెప్పాలని మేమంతా దారిలో గట్టిగా అనుకున్నాం. అధ్యక్షులవారు లేచి, "క్రమశిక్షణ! సంస్కారం! పిల్లల భవిష్యత్తు!" అన్నారు. హాలు మారుమోగిపోయింది. ఆ చప్పట్ల మధ్యే తీర్మానం నెగ్గింది. పంతులమ్మ బల్ల మీది సుద్దముక్కలు డబ్బాలో సర్దిపెట్టి వెళ్లిపోయింది.

మా అమ్మాయి నా చొక్కా పట్టుకుని లాగింది.

"నాన్నా, నువ్వు దేనికి కొట్టావు?"

"ఏమో తల్లీ," అన్నాను, "అందరూ కొట్టారు."