సారీకి మించిన మాట

పొద్దున్నే కొత్తచెరువు పోయి పెండ్లాన్ని పిలుచుకురావాలని హరినాథ్ అనుకున్నాడు. బావమరిది కొడుకు పుట్టెంట్రుకలకు కదిరికి వస్తానని మాటిచ్చి, మగ్గం మీద చీర దించాలని ధర్మవరంలోనే ఆగిపోయాడు. పద్మజ అలిగి పుట్టింట్లోనే ఉండిపోయింది. ఎదురుగా నిలబడి 'తప్పయింది' అంటే తీరిపోయేది. అయితే, హరినాథ్ ఇంటి మగాళ్లలో ఒక్కడూ పెండ్లాంతో ఆ మాట అన్న పాపాన పోలేదు.

ఇంగ్లీషులో అయితే సిగ్గెందుకని ఫోనులో వెతికాడు. 'సారీ' మరీ చప్పగా తోచింది. బస్సులో కాలు తొక్కినవాడూ అదే అంటాడాయె! 'ఐ డీప్లీ రిగ్రెట్' అని పంపాడు. పద్మజ చూసినట్టు నీలం టిక్కులు పడ్డాయి గానీ జవాబు రాలేదు. మగ్గం గుంటలోకి దిగాడు, ఎక్కాడు, వాకిట్లోకి పోయాడు, వచ్చాడు. కాలు నిలవలేదు. 'ఐ కెన్ నెవర్ ఫర్గివ్ మైసెల్ఫ్' అని కొట్టాడు. ఉలుకూ పలుకూ లేదు. భయం పుట్టి 'ఐ డోంట్ డిజర్వ్ యూ' అని కూడా పంపేశాడు.

మధ్యాహ్నానికి పద్మజతో సహా అత్తగారింటివాళ్లంతా ఆటో దిగారు. అత్త కదిరమ్మ, అల్లుడు అమ్ముకున్నాడేమోనని, నేరుగా పోయి మగ్గం ఉందో లేదో చూసింది. మామ హనుమంతరాయుడు గుమ్మంలోనే నిలదీశాడు.

"ఏమప్పా, ఎవురామె?"

"ఏ ఆమె మామా?"

బావమరిది మారుతి అక్క ఫోను తీశాడు. "నిన్ను నువ్వే ఎప్పటికీ క్షమించుకోలేవంట, మా అక్కకు నువ్వు తగవంట. పుట్టెంట్రుకలకు రానిదానికేనా బావా ఇంత?"

ఇరుగుపొరుగు గోడల మీదికి వచ్చేశారు. పద్మజ కళ్లు ఏడ్చి ఏడ్చి ఉబ్బి ఉన్నాయి. అవి చూసేసరికి హరినాథ్‌కు ఇంగ్లీషంతా ఎగిరిపోయింది.

"ఇంగేమీ లేదు పద్మా. వస్తానని చెప్పి రాలేదు. తప్పయిపోయింది."

"దానికేనా? ఆటోలో వస్తాంటే నా పానం నా దగ్గర లేదు, ఏం చేసుకుంటావో అని" అంటూ పద్మజ సంచి లోపల పెట్టి, పొయ్యి దగ్గరికి పోయింది. హరినాథ్‌కు గుండె కుదుటపడింది.

అప్పుడు కదిరమ్మ మొగుడి వైపు తిరిగింది.

"అల్లుడు ఇంతమందిలో అన్నాడు. నువ్వెప్పుడన్నా అన్నావా నాతో?"

"నేనేం తప్పు చేసినా?" అన్నాడు హనుమంతరాయుడు.

అనకుండా ఉండాల్సింది. కదిరమ్మ పెండ్లినాటి తప్పుల నుంచి మొదలుపెట్టింది. పొద్దు వాలేసరికి మారుతి పుట్టిన ఏడు దాకా వచ్చింది.

ఆటోలో తండ్రీ కొడుకులిద్దరే కొత్తచెరువు పోయారు. పెండ్లాన్ని పిలుచుకురావాలనుకున్న హరినాథ్‌కు అత్త కూడా మిగిలింది.