బల్ల మీద బిళ్ళ

ఆ శుక్రవారం పెయ్ లిన్‌కి అప్పజెప్పిన పని చాలా చిన్నది. మధ్యాహ్నం తిండి కొట్లన్నీ ఒక్కచోట ఉండే హాకర్ సెంటర్‌కి ముందుగా వెళ్ళి, ముగ్గురు కూర్చునే బల్ల ఒకటి ఆపి, మూడు గిన్నెల ఫిష్‌బాల్ నూడుల్స్ సిద్ధంగా ఉంచాలి. అంతే. యూనివర్సిటీలో ఫస్టు క్లాసు తెచ్చుకుని, నానా ఇంటర్వ్యూలూ గట్టెక్కి, సింగపూర్‌లో ప్రైవేట్ ఈక్విటీ ఉద్యోగం కొట్టిన పిల్లకి ఇదీ ఒక పనేనా అని మీరనవచ్చు. పొద్దున ఇస్త్రీ చొక్కా తొడుక్కుంటూ ఆమె కూడా అదే అనుకుంది.

చేరి ఇంకా వారం కాలేదు. ఆఫీసులో ఏం చేస్తారో ఇంట్లో చెప్పడానికే ఆమెకి తల ప్రాణం తోకకి వచ్చింది. ఎవరిదో కంపెనీ కొంటాం, బాగుచేస్తాం, నాలుగేళ్ళాగి లాభానికి అమ్ముతాం అని వివరిస్తే, వాళ్ళమ్మ గంజి కలుపుతూ, "మీ మామయ్య పాత కార్లతో చేసేది అదేగా!" అని తేల్చేసింది. అలా అంటూనే తమ అంతస్తులో ఉన్న వాళ్ళందరికీ కూతురి ఉద్యోగం గురించి చెప్పుకొచ్చింది. ఇప్పుడా ఉద్యోగం ఊడితే లిఫ్టులో తలెత్తుకోవడం కష్టం. అందుకే ప్రొబేషన్ గడిచేదాకా ఏ గండమూ రాకూడదని పెయ్ లిన్ కనిపించిన దేవుడికల్లా మొక్కుతోంది.

ఆమె బాస్ క్లిఫర్డ్ ఆ రోజు కలవబోయేది చ్యూ అంకుల్‌ని. ఆయన చిల్లీ సాస్ సీసా లేని వంటిల్లు ఆ దేశంలో వెతికినా దొరకదు. పిల్లలెవరికీ మిరపకాయల ఘాటు పడలేదు గనక కంపెనీ అమ్మేద్దామని ఆయన ఉద్దేశం. ఇంకా ఎవరికన్నది తేల్చుకోలేదు. పెద్ద హోటల్లో భోజనం అంటే ఒప్పుకోలేదు. ఆ చల్లదనంలో చెమట పట్టదనీ, చెమట పట్టకపోతే తిన్నట్టే ఉండదనీ ఆయన బాధ. తన మొదటి సీసా కొన్న నూడుల్స్ కొట్టు దగ్గరైతేనే వస్తానన్నాడు.

క్లిఫర్డ్ పెయ్ లిన్‌ని పిలిచి తలుపు వేశాడు. "ఆయన పేరు ఎక్కడా అనకు. మన పేరూ అనకు. ఇది బయటికి పొక్కిందంటే సోమవారం నుంచి నువ్వు రానక్కర్లేదు," అన్నాడు.

హాకర్ సెంటర్లో బల్ల ఆపడం ఆ ఊళ్ళో పుట్టినవాళ్ళకి ఒకరు నేర్పాలా? టిష్యూ కాగితాల ప్యాకెట్ ఒకటి బల్ల మీద పడేసి వెళ్ళి వరసలో నిలబడితే సరి, ఎంత ఆకలిగా ఉన్నవాడైనా ఆ బల్ల జోలికి రాడు. కాని పెయ్ లిన్‌కి రెండు రోజుల నుంచీ జలుబు. ఆఖరి టిష్యూ రైల్లోనే ముక్కుకి ఖర్చయిపోయింది. ఖాళీ బల్ల ఒక్కటే కనిపిస్తోంది, దానిమీద కన్నేసి నలుగురు వస్తున్నారు. ఇంకేం ఆలోచించలేదు. మెడలోని ఆఫీసు గుర్తింపు బిళ్ళ తీసి బల్ల నడిమధ్యన పెట్టేసింది. చుట్టుపక్కల ఆఫీసుల వాళ్ళు సగంమంది చేసేది అదే. కాకపోతే ఆ బిళ్ళ మీద కంపెనీ పేరు అరచెయ్యంత అక్షరాలతో ఉందన్న సంగతి, నూడుల్స్ వరస మధ్యలోకి వచ్చాక గుర్తొచ్చింది. వెనక్కి వెళ్దామంటే వరసలో చోటు పోతుంది. ఆ కొట్లో నూడుల్స్ ఒంటిగంటకల్లా అయిపోతాయి.

సరిగ్గా అప్పుడే దిగాడు జారెడ్. యూనివర్సిటీలో ఆమెకి సీనియర్, ఇప్పుడు పోటీ కంపెనీలో ఉద్యోగి. బల్ల మీద బిళ్ళ చూశాడు, వరసలో పెయ్ లిన్‌ని చూశాడు, నవ్వుతూ దగ్గరికొచ్చాడు.

"ఏంటి, మీ వాళ్ళకి ఇక్కడేం పని?"

"నూడుల్స్ కోసం," అంది పెయ్ లిన్.

"అది సరే, అసలు సంగతి చెప్పు."

"నూడుల్సే."

నిజం చెబితే ఎవరు నమ్ముతారు? అందులోనూ ఆ వ్యాపారంలో ఒక దుకాణం కొనబోయే ముందు కొత్తగా చేరినవాళ్ళని గుమ్మం ముందు నిలబెట్టి, వచ్చేపోయే గిరాకీ లెక్కపెట్టించడం మామూలు. జారెడ్ కూడా కిందటేడు ఒక దంతవైద్యశాల ముందు నిలబడి వచ్చినవాడే. అతనికి లెక్క ఇట్టే తేలిపోయింది. వీళ్ళు నూడుల్స్ కొట్టు కొంటున్నారు. రేపు ఊరంతా శాఖలు పెడతారు!

అతను నేరుగా కొట్టు పక్కకి వెళ్ళి, రోజుకి ఎన్ని గిన్నెలు పోతాయి, అద్దె ఎంత, లెక్కలు ఎవరు రాస్తారు అని నూడుల్స్ వండే ఆంటీని అడగడం మొదలెట్టాడు. తెల్లచొక్కా వేసుకుని ఇలాంటివి అడిగేవాడు ఎవడై ఉంటాడు? పన్నుల ఆఫీసువాడే. ఆంటీ అతనికి వరసలో లేకుండానే గిన్నె చేతిలో పెట్టి, పక్క కొట్టు బాతుమాంసం ఆయనకి కంటితో సైగ చేసింది. ఆయన షట్టర్ దించాడు. ఆయన్ని చూసి గంజి కొట్టు వాడు, వాడిని చూసి పళ్ళరసాల వాడు. చూస్తుండగానే ఆ వరస కొట్లన్నీ మూతపడ్డాయి. ఆకలితో వచ్చిన జనమంతా గతిలేక నూడుల్స్ కొట్టుకి ఎగబడ్డారు. ఆ గిరాకీ చూసి జారెడ్‌కి మతిపోయింది. ఫోన్ తీసి వాళ్ళ బాస్‌కి చెప్పాడు. ఆంటీ ఊ అనేదాకా అక్కణ్ణుంచి కదలొద్దన్నాడు ఆయన.

క్లిఫర్డ్, చ్యూ అంకుల్ వచ్చేసరికి అదీ పరిస్థితి. తిరునాళ్ళలా జనం, అందరి మధ్యా ఖాళీగా ఒక్క బల్ల, దాని మీద వెల్లకిలా పడుకుని వాళ్ళ కంపెనీ పేరు. క్లిఫర్డ్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. అంకుల్‌ని కూర్చోబెట్టి, బిళ్ళ జేబులో కుక్కుకుని, వరసలో ఉన్న పెయ్ లిన్ దగ్గరికి ఉరికాడు. సోమవారం గురించి ఆమెకి పళ్ళు బిగించి మరోసారి గుర్తుచేశాడు. పెయ్ లిన్‌కి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. జలుబు నెపంతో తుడుచుకుందామన్నా టిష్యూ లేదు.

ఈలోపు జారెడ్ గిన్నెతో వెళ్ళి, చోటున్న ఆ ఒక్క బల్ల దగ్గరే కూలబడ్డాడు. ఎదురుగా నిక్కరు, చెప్పులు, బట్టతలతో ఒక పెద్దాయన.

"అంకుల్, ఏమనుకోకండి, వేరే చోటు చూసుకుంటారా? ఇక్కడ ఆంటీతో పెద్ద బిజినెస్ మాట్లాడాలి."

ఏం బిజినెస్ అని అంకుల్ ఆసక్తిగా అడిగాడు. నిక్కరు పెద్దాయనకి చెబితే ఏం పోతుందిలే అని జారెడ్ అంతా చెప్పేశాడు. నూడుల్స్ కొట్టు కొనబోతున్నాడట. మూడింటికి సాస్ కంపెనీ ముసలాయనెవరో రమ్మన్నాడట, ఆయనకేం తొందర, రేపైనా చూసుకోవచ్చట. చెబుతూ చెబుతూ బల్ల మీది సాస్ సీసా గిన్నెలోకి వొంపుకున్నాడు. ఆ సీసా మీద చ్యూ అంకుల్ ఫొటో ఉంది. నలభై ఏళ్ళ కిందటిది, నిండా జుట్టుతో.

అప్పుడే పెయ్ లిన్ మూడు గిన్నెల ట్రేతో వచ్చింది. వెనక క్లిఫర్డ్.

"అమ్మాయ్, నువ్వెందుకు వచ్చావు ఇక్కడికి?" అన్నాడు అంకుల్.

పెయ్ లిన్ జారెడ్‌ని చూసింది, క్లిఫర్డ్‌ని చూసింది. "నూడుల్స్ కోసం, అంకుల్."

చ్యూ అంకుల్ బల్ల చరిచి మరీ నవ్వాడు. నవ్వాక జారెడ్ వైపు తిరిగి, "బాబూ, మూడింటికి నువ్వు రానక్కర్లేదు. ఆ ముసలాడు ఇప్పుడు తిని పడుకుంటాడు," అన్నాడు.

జారెడ్ సీసా వంక చూశాడు, బట్టతల వంక చూశాడు, మళ్ళీ సీసా వంక చూశాడు. గిన్నె అక్కడే వదిలేసి లేచాడు.

అంకుల్ ముందు ఆంటీ దగ్గరికి వెళ్ళి పన్నులవాడెవడూ రాలేదని నచ్చజెప్పి షట్టర్లన్నీ ఎత్తించాడు. తర్వాత తీరిగ్గా చెమటలు కక్కుతూ తిన్నాడు. కంపెనీ మీకే ఇస్తాను, నోరు విప్పని మనిషి మీ దగ్గర కనీసం ఒక్కరున్నారు అని క్లిఫర్డ్‌తో చెప్పాడు. క్లిఫర్డ్ జేబులోని బిళ్ళని ఇంకాస్త లోపలికి తోశాడు. పెయ్ లిన్‌కి ఆ రోజు నూడుల్స్ ఎంత రుచిగా ఉన్నాయో చెప్పలేం, ముక్కు మూసుకుపోయినా సరే.

సోమవారం ఆమె అందరికంటే ముందే ఆఫీసుకి వచ్చింది. బిళ్ళ తిరిగి ఇవ్వలేదు గాని, ఆమె బల్ల మీద క్లిఫర్డ్ పంపిన టిష్యూ ప్యాకెట్ల పెట్టె ఒకటి ఉంది.